పది సినిమాల ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’: గ్రాస్ నిలబడింది, లాభం కరిగిపోయింది

2001లో మొదలై 2023 నాటికి పది ప్రధాన చిత్రాలకు, 2019లో వచ్చిన ఒక ఉపకథా చిత్రానికి విస్తరించిన ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ను ఒక్కో సినిమాగా సమీక్షించినవారు చాలామంది ఉన్నారు. ఈ సమీక్ష ఆ పదింటినీ కలిపి, యూనివర్సల్ సంస్థ ఇరవై రెండేళ్లుగా ఒకే పేరుతో అమ్ముతూ వచ్చిన ఒకే సరుకుగా చూస్తుంది. పది చిత్రాలనూ వరుసగా మళ్లీ చూసి, వాటి బడ్జెట్లను, వసూళ్లను పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు స్పష్టంగా కనిపించిన విషయం ఒకటి ఉంది. ఈ సిరీస్ లాభాలు తగ్గడానికి జనం విసిగిపోవడమే కారణమని సాధారణంగా అంటారు. విసుగు ఉన్న మాట నిజమే. కానీ అంతకంటే ముందు, అంతకంటే లోతుగా పనిచేసిన కారణం ఖర్చు. ప్రతి విజయమూ తరువాతి సినిమా బడ్జెట్‌ను ఒక మెట్టు పైకి ఎక్కించింది, వసూళ్లు కిందికి దిగినప్పుడు మాత్రం ఆ బడ్జెట్ వాటితో పాటు దిగలేదు.

రెండు చిత్రాలను పోల్చితే ఇది తేలికగా అర్థమవుతుంది. 2011లో వచ్చిన అయిదో చిత్రం ‘ఫాస్ట్ ఫైవ్’ సుమారు 12.5 కోట్ల డాలర్ల వ్యయంతో తయారై ప్రపంచవ్యాప్తంగా 62.6 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2023లో వచ్చిన పదో చిత్రం ‘ఫాస్ట్ ఎక్స్’ 70 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అంటే పైకి కనిపించే అంకె ప్రకారం పదో చిత్రమే పెద్దది. అయితే దాని నిర్మాణ వ్యయం సుమారు 34 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలు వచ్చాయి. వసూలు పెరిగింది ఎనిమిదో వంతు, ఖర్చు పెరిగింది రెండున్నర రెట్లకు పైన. మొదటిది ఆ ఏడాది ఘనవిజయంగా నిలిస్తే, రెండోది థియేటర్ల నుంచి తన పెట్టుబడిని తిరిగి రాబట్టుకోలేని స్థితిలో పడింది.

గ్రాస్ (టికెట్ల మొత్తం వసూలు) వేరు, షేర్ (అందులో స్టూడియోకు చేరే వాటా) వేరు అన్న సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. హాలీవుడ్ స్టూడియోలకు అమెరికా, కెనడా టికెట్ల డబ్బులో దాదాపు సగం అందుతుంది. మిగతా దేశాల్లో అది సగటున నలభై శాతం వరకు ఉంటుంది, చైనాలో అయితే పాతిక శాతమే. ఈ స్థూల లెక్కతో చూస్తే ‘ఫాస్ట్ ఫైవ్’ అమెరికా, కెనడాల్లో వసూలు చేసిన 21 కోట్లలో పదిన్నర కోట్లు, బయట వసూలైన 41 కోట్ల పైచిలుకులో 16 కోట్ల పైచిలుకు, మొత్తం మీద 27 కోట్ల డాలర్ల షేర్ స్టూడియోకు చేరినట్టు అంచనా వేయవచ్చు. ఇది నిర్మాణ వ్యయానికి రెండింతలు దాటిన మొత్తం. ‘ఫాస్ట్ ఎక్స్’ విషయంలో అమెరికా, కెనడాల్లో వచ్చిన 14.6 కోట్లలో సగం, చైనాలో వచ్చిన దాదాపు 14 కోట్లలో పాతిక శాతం, మిగతా దేశాల 42 కోట్లలో నలభై శాతం కలిపినా షేర్ 27, 28 కోట్ల దగ్గరే ఆగుతుంది. పన్నెండేళ్ల తరువాత, అయిదు సినిమాల తరువాత, స్టూడియో చేతికి దాదాపు అదే డబ్బు వచ్చింది. అందులోంచి తీర్చవలసిన ఖర్చు మాత్రం 34 కోట్లు, దానిపైన ఈ స్థాయి చిత్రాలకు ప్రపంచవ్యాప్తంగా అయ్యే పది కోట్ల డాలర్లకు పైబడిన ప్రచార వ్యయం. థియేటర్ల తరువాత డిజిటల్, టెలివిజన్ హక్కులు కొంత ఆదుకుంటాయి కాబట్టి దీన్ని నికర నష్టంగా లెక్కగట్టకూడదు. అయినా ఒకప్పుడు మొదటి వారాంతాల్లోనే తేలిపోయిన లాభం ఇప్పుడు ఏళ్ల తరబడి వచ్చే హక్కుల డబ్బు కోసం ఎదురుచూడవలసి రావడం సామాన్యమైన మార్పు కాదు.

మొదట ఈ సరుకు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. రాబ్ కోహెన్ దర్శకత్వంలో 2001లో వచ్చిన తొలి చిత్రం వ్యయం సుమారు 3.8 కోట్ల డాలర్లు, వసూలు 20.7 కోట్లు. కథ లాస్ ఏంజిలెస్ వీధుల్లో రాత్రిపూట జరిగే కార్ల పందేలది. దొంగలు దోచుకునే సొత్తు లారీల్లో వెళ్లే టీవీలు, డీవీడీ ప్లేయర్లు. పాల్ వాకర్ పోషించిన బ్రయన్ అనే రహస్య పోలీసు, విన్ డీజిల్ పోషించిన డొమినిక్ టొరెటో ఇంటి వెనక పెరట్లో కూర్చుని అందరితో కలిసి భోజనం చేసే సన్నివేశాలకు పెద్ద ఖర్చేమీ ఉండదు. చివర్లో ఇద్దరూ రైలు పట్టాలు దాటే పందెం ఇవాళ చూసినా గుండె వేగం పెంచుతుంది. ఆ కారు ఎంత వేగంగా పోతోందో, గుద్దుకుంటే ఏమవుతుందో ప్రేక్షకుడికి తెలుసు. నా దృష్టిలో ఈ సిరీస్ అసలు బలం ఇక్కడే ఉంది: ప్రమాదం మనిషి కొలతలో ఉంది, ఖర్చు కూడా ఆ కొలతలోనే ఉంది.

రెండో చిత్రం, మూడో చిత్రం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 2006 నాటి ‘టోక్యో డ్రిఫ్ట్’ 8.5 కోట్లతో తయారై 15.9 కోట్ల దగ్గర ఆగిపోయింది, సిరీస్ అక్కడితో ముగుస్తుందనే అందరూ అనుకున్నారు. ఆ చిత్రం చివర విన్ డీజిల్ ఒక్క నిమిషం కనిపించడం, 2009లో పాత నలుగురూ మళ్లీ ఒకచోట చేరడం దాన్ని బతికించాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 2009 నాటి నాలుగో చిత్రం కూడా ‘టోక్యో డ్రిఫ్ట్’ స్థాయి బడ్జెట్‌లోనే తయారై 36 కోట్ల డాలర్లు రాబట్టింది. ఖర్చు పెంచకుండానే రెట్టింపుకు మించి వసూలు చేయగలిగిన ఆ సందర్భాన్ని ఈ సిరీస్ చరిత్ర రాసేవారు ఎందుకో తక్కువగా ప్రస్తావిస్తారు.

‘ఫాస్ట్ ఫైవ్’ దగ్గర కాసేపు ఆగాలి. ఈ పది చిత్రాల్లోనూ నేను ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేసేది ఇదే. జస్టిన్ లిన్ ఇక్కడ వీధి పందేలను పక్కన పెట్టి దోపిడీ కథను ఎత్తుకున్నాడు, డ్వేన్ జాన్సన్‌ను వెంటాడే పోలీసు అధికారిగా తెచ్చాడు, వెనకటి చిత్రాల్లో విడివిడిగా కనిపించినవారిని ఒకే ముఠాగా కూర్చాడు. పతాక సన్నివేశంలో రెండు కార్లు ఒక భారీ ఇనుప ఖజానాను రియో నగర వీధుల్లో ఈడ్చుకుంటూ పోతాయి. మలుపు తిరిగినప్పుడల్లా ఆ పెట్టె అడ్డంగా జారి ఒక బ్యాంకు ముందు భాగాన్ని, ఆగి ఉన్న కార్లను తుడిచిపెట్టేస్తుంది. తారు రోడ్డు మీద ఇనుము గీసుకుపోయే తీరు, తాడు బిగిసినప్పుడు కారు వెనక చక్రాలు తడబడే తీరు చూస్తే బరువు కంటికే తెలుస్తుంది. ఇందుకోసం నిజమైన పెట్టెలను చేయించారు, ఒకదాని లోపల డ్రైవర్ కూర్చుని దాన్ని వాహనంలా నడిపాడు. పెట్టిన డబ్బు తెర మీద కనిపించడం అంటే ఇదే. ఎనిమిదిన్నర కోట్ల నుంచి పన్నెండున్నర కోట్లకు పెరిగిన బడ్జెట్‌లోని ప్రతి డాలరుకూ ఆ సన్నివేశం జవాబు చెబుతుంది.

ఆ విజయం తరువాత మెట్లు మొదలయ్యాయి. 2013 నాటి ఆరో చిత్రానికి 16 కోట్లు, 2015 నాటి ఏడో చిత్రానికి 19 కోట్లు, 2017 నాటి ఎనిమిదో చిత్రానికి 25 కోట్లు. వసూళ్లు కూడా అదే ఊపులో పెరుగుతున్నంత కాలం ఎవరికీ అభ్యంతరం కలగలేదు. ఏడో చిత్రం ‘ఫ్యూరియస్ 7’ ఏకంగా 151.5 కోట్ల డాలర్లు తెచ్చింది.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. 2013 నవంబరు 30న, ఆ చిత్రం నిర్మాణం మధ్యలో ఉండగానే, పాల్ వాకర్ కారు ప్రమాదంలో మరణించాడు. దర్శకుడు జేమ్స్ వాన్ ఆయన సోదరులిద్దరినీ నకలుగా నిలబెట్టి, కంప్యూటర్ సాయంతో ముఖాన్ని పునర్నిర్మించి సినిమాను పూర్తి చేశాడు. చివర్లో రెండు కార్లు పక్కపక్కన కొంతదూరం వెళ్లి వేర్వేరు దారుల్లోకి విడిపోయే దృశ్యాన్ని చూసేందుకు, అంతకుముందు ఈ సిరీస్‌ను పట్టించుకోనివారు కూడా వచ్చారు. అది ఒక నటుడికి ప్రపంచం చెప్పిన వీడ్కోలు. దాని నుంచి వచ్చిన ఆదాయాన్ని మామూలు సీక్వెల్ ఆదాయంగా లెక్కించడానికి వీల్లేదు. కానీ వ్యాపారం దాన్ని అలాగే లెక్కించింది. ఒక అసాధారణ సందర్భం తెచ్చిన శిఖరాన్ని ఇకమీదటి నేలమట్టంగా భావించి తరువాతి బడ్జెట్‌ను నిర్ణయించారు. సిరీస్ లాభాలకు తగిలిన మొదటి దెబ్బ ఇదేనని నేను నమ్ముతున్నాను, ఆ సమయంలో అది దెబ్బలా కనిపించకపోయినా.

ఎందుకంటే ఎనిమిదో చిత్రం ‘ద ఫేట్ ఆఫ్ ద ఫ్యూరియస్’ కూడా 123.6 కోట్ల డాలర్లు వసూలు చేసి పెద్ద విజయంగానే నమోదైంది. గ్రాస్‌లో తగ్గుదల అయిదో వంతు కూడా లేదు. ఇప్పుడు పైన చెప్పిన షేర్ లెక్కను దీనికి వర్తింపజేయండి. ఏడో చిత్రానికి సుమారు 58 కోట్ల షేర్ రాగా, అందులోంచి 19 కోట్ల నిర్మాణ వ్యయం తీసేస్తే 39 కోట్లు మిగులుతాయి. ఎనిమిదో చిత్రానికి వచ్చిన షేర్ 46 కోట్లకు దగ్గర, వ్యయం 25 కోట్లు, మిగులు 21 కోట్లు. గ్రాస్ దాదాపు అయిదో వంతు తగ్గితే మిగులు దాదాపు సగానికి పడిపోయింది. శతకోటి డాలర్ల క్లబ్బు గురించిన పోస్టర్ల వెనక ఈ సగం కనిపించకుండా పోయింది.

ఈ తేడాలో చైనా పాత్ర పెద్దది. ఏడు, ఎనిమిది చిత్రాలు చైనాలో చెరో 39 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి. ఎనిమిదో చిత్రానికి అమెరికా, కెనడాల్లో వచ్చింది 22.6 కోట్లే, అదే ఏడో చిత్రానికి 35.3 కోట్లు. అంటే డాలరుకు యాభై సెంట్లు మిగిలే చోట ఆదాయం మూడో వంతుకు మించి కరిగిపోతే, పాతిక సెంట్లు మిగిలే చోట వసూళ్లు గ్రాస్‌ను నిలబెట్టాయి. ఆ తరువాత చైనా ప్రేక్షకులు తమ దేశపు చిత్రాల వైపు మళ్లడంతో ఆ ఆసరా కూడా తగ్గింది. అమెరికా, కెనడా వసూళ్లు తొమ్మిదో చిత్రంతో 17.3 కోట్లకు, పదో చిత్రంతో 14.6 కోట్లకు దిగాయి. తొమ్మిదో చిత్రం 2021లో, కొవిడ్ వల్ల ఏడాదికి పైగా వాయిదా పడి విడుదలైంది కాబట్టి దాని 72.6 కోట్ల మొత్తాన్ని కఠినంగా అంచనా వేయడం న్యాయం కాదు. పదో చిత్రానికి ఆ మినహాయింపు లేదు.

ఇంత ఖర్చు ఎక్కడ పోతుంది? మొదటిది తారాగణం. ఒక సిరీస్ నడిచేకొద్దీ అందులోని ప్రతి ముఖమూ అనివార్యమవుతుంది, అనివార్యమైన ముఖానికి పారితోషికం పెరుగుతుంది. ‘ఫాస్ట్ ఎక్స్’లో పాత ముఠా మొత్తం ఉండగా, దానికి తోడు జేసన్ మొమోవా, జాన్ సీనా, జేసన్ స్టేథమ్ ఉన్నారు. ఆస్కార్ గెలిచిన నటీమణులే నలుగురు: చార్లిజ్ థెరాన్, హెలెన్ మిరెన్, బ్రీ లార్సన్, రీటా మొరెనో. వీరిలో కొందరికి చేతినిండా ఒక సన్నివేశం కూడా లేదు. రీటా మొరెనో లాంటి నటిని పిలిచి ఒక విందులో నాలుగు మాటలు చెప్పించి పంపేయడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

రెండోది ముందే ప్రకటించిన విడుదల తేదీ. 2022 వసంతంలో షూటింగ్ మొదలైన కొద్ది రోజులకే జస్టిన్ లిన్ దర్శక బాధ్యత నుంచి తప్పుకున్నాడు, ఆయన స్థానంలో లూయి లెటెరియే వచ్చాడు. అద్దెకు తీసుకున్న స్టూడియోలు, జీతాల మీద ఉన్న వందలాది సిబ్బంది దర్శకుడి కోసం ఎదురుచూస్తూ ఉంటే గడిచే ప్రతి రోజూ ఖర్చే. చిన్న చిత్రమైతే ఆపి, కథ సరిచూసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇంత పెద్ద యంత్రాంగం ఆగదు, ఆగనివ్వరు.

మూడోది, స్టంట్లలో ప్రతిసారీ పోయినసారి కంటే పెద్దది చూపాలన్న ఒత్తిడి. ఏడో చిత్రంలో విమానం నుంచి కార్లను నిజంగానే కిందికి వదిలారు. ఎనిమిదో చిత్రంలో మంచు మీద జలాంతర్గామి వెంటాడింది. తొమ్మిదో చిత్రంలో కారు అంతరిక్షానికి వెళ్లింది. అంతరిక్షం తరువాత ఇక ఎక్కడికి వెళతారు? పైగా ఈ దారిలో ఖర్చు పెరిగేకొద్దీ నమ్మకం తగ్గింది. రియోలో ఈడ్చిన పెట్టెకు బరువు ఉంది. పదో చిత్రంలో రోమ్ వీధుల్లో దొర్లుకుంటూ పోయే మండే బాంబు గోళానికి, దాని వెనక ఎంత శ్రమ ఉన్నా, తెర మీద ఆ బరువు కనిపించదు.

కథ విషయానికి వస్తే, ఈ సిరీస్ తన మూలధనాన్ని తానే తినేసింది. నాలుగో చిత్రంలో చనిపోయిన లెటీ (డొమినిక్ ప్రియురాలు) ఆరో చిత్రంలో తిరిగి వచ్చింది. మూడో చిత్రంలో చనిపోయిన ముఠా సభ్యుడు హాన్ తొమ్మిదోదానిలో తిరిగి వచ్చాడు. ఆరో చిత్రంలో చనిపోయిన జిసెల్ పదోదాని చివర కనిపించింది. హాన్‌ను చంపినట్టు చూపిన డెకర్డ్ షా ఎనిమిదో చిత్రానికల్లా ఆత్మీయుల జాబితాలో చేరిపోయాడు. చావు చావు కాదని, పగ పగ కాదని తెలిసిన ప్రేక్షకుడికి తొందరపడి థియేటర్‌కు పరిగెత్తవలసిన అవసరం ఉండదు. కొన్నాళ్లకు ఇంట్లోనే చూడవచ్చునని అనుకుంటాడు. ఓపెనింగ్స్‌కు అభిమానులు వస్తారు, తరువాతి వారాలు నిలబడవు. ‘ఫాస్ట్ ఎక్స్’ అమెరికా, కెనడాల్లో మొదటి మూడు రోజుల్లోనే 6.7 కోట్లు తెచ్చుకుని, మొత్తం పరుగులో 14.6 కోట్లకు చేరిందంటే దాదాపు సగం మొదటి వారాంతంలోనే అయిపోయిందన్నమాట.

కొత్త ప్రేక్షకుడి ఇబ్బంది వేరు. 2001లో పద్దెనిమిదేళ్ల వయసులో తొలి చిత్రం చూసినవారికి 2023 నాటికి నలభై ఏళ్లు. ఇవాళ్టి పద్దెనిమిదేళ్ల వ్యక్తి పదో చిత్రం అర్థం కావాలంటే అంతకుముందు పద్దెనిమిది గంటలకు పైగా సినిమాలు చూసి రావాలి, అందులో కాలక్రమం తెలియడానికి మూడో చిత్రాన్ని ఆరోదాని తరువాత చూడాలి. పాతవారు రాలిపోతూ, కొత్తవారికి ద్వారం ఇరుకవుతూ ఉంటే మార్కెట్ దానంతట అదే కుంచించుకుపోతుంది.

‘ఫాస్ట్ ఎక్స్’ ఎలా మొదలవుతుందో చూస్తే సిరీస్ పరిస్థితి మొత్తం తెలిసిపోతుంది. అది ‘ఫాస్ట్ ఫైవ్’లోని ఖజానా దోపిడీ దృశ్యాలనే మళ్లీ చూపిస్తూ మొదలవుతుంది, మొమోవా పోషించిన డాంటేను అప్పటి ప్రతినాయకుడి కొడుకుగా ఆ దృశ్యాల మధ్య చొప్పిస్తుంది. మొమోవా నటన ఈ చిత్రానికి పెద్ద ఊరట, ఆయన ఉన్నంతసేపూ తెరకు ప్రాణం వస్తుంది. కానీ 34 కోట్ల డాలర్ల చిత్రం తన మొదటి నిమిషాల్లోనే పన్నెండున్నర కోట్ల చిత్రాన్ని అప్పు తెచ్చుకోవడం, ఆ తెచ్చుకున్న భాగమే మిగతా రెండు గంటల కంటే గట్టిగా ఉండడం చూశాక టికెట్ కొన్నవారికి ఏమి చెప్పగలం? చివరకు కథ ముగియకుండానే డ్యామ్ పేలుడు దగ్గర సినిమా ఆగిపోతుంది. డబ్బు పెట్టినవారికి కనీసం ఒక ముగింపు ఇవ్వకపోవడం ఈ సరుకులో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది.

ఇది ఒక్క యూనివర్సల్ సమస్య కాదు. 2018లో సుమారు 17.8 కోట్లతో తీసిన ఆరో ‘మిషన్ ఇంపాసిబుల్’ 79 కోట్లు వసూలు చేస్తే, 2023లో 29 కోట్లకు చేరిన వ్యయంతో వచ్చిన ఏడోది 57 కోట్ల దగ్గర ఆగింది. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ 110 కోట్లు దాటితే, నాలుగేళ్ల తరువాత దాని కొనసాగింపు ‘ద మార్వెల్స్’ 20 కోట్ల పైచిలుకుతో సరిపెట్టుకుంది. అక్కడ ఖర్చుతో పాటు స్ట్రీమింగ్ ధారావాహికలు కూడా చూసి ఉండాలన్న భారం ప్రేక్షకుడి మీద పడింది.

అలాగని ప్రతి సిరీస్‌కూ ఇదే గతి పడుతుందనుకోవడం సరికాదు. ‘ఫ్యూరియస్ 7’ తీసిన జేమ్స్ వాన్ అంతకు రెండేళ్ల ముందు 2 కోట్ల డాలర్లతో ‘ద కంజురింగ్’ తీశాడు, అది 31 కోట్లకు పైగా వసూలు చేసింది. ఆ వరుసలో 2025లో వచ్చిన ‘లాస్ట్ రైట్స్’ వ్యయం సుమారు 5.5 కోట్లు, వసూలు 49 కోట్ల డాలర్లకు పైన, అంటే ఆ వరుస మొత్తంలోనే అత్యధికం. పన్నెండేళ్లు గడిచినా, పాత్రలు పాతబడినా అక్కడ లాభం నిలిచింది. భయం పుట్టించడానికి ఒక ఇల్లు, ఒక చీకటి గది చాలునన్న సంగతిని ఆ నిర్మాతలు మరిచిపోలేదు. భయానక చిత్రానికీ కార్ల చిత్రానికీ పోలిక లేదని ఎవరైనా అనవచ్చు. 3.8 కోట్లతో తీసిన 2001 నాటి చిత్రమే దానికి నా సమాధానం.

లాభం తగ్గినా స్టూడియో ఈ పేరును వదులుకోకపోవడానికి కారణాలున్నాయి. పాత చిత్రాల ప్రసార హక్కులు ఏటా డబ్బు తెస్తాయి. 2015లో హాలీవుడ్‌లోని, 2018లో ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కుల్లో ఈ పేరుతో ఆకర్షణలు తెరిచారు. కొత్త చిత్రం ఈ మొత్తం వ్యాపారానికి ప్రకటనలా కూడా పనికొస్తుంది. ఆ వాదనలో నిజం ఉంది, కానీ 34 కోట్ల డాలర్ల ప్రకటన చాలా ఖరీదైనది.

కొత్తగా చూడదలచినవారికి నా సూచన: మొదటి చిత్రం, తరువాత అయిదు, ఆరు, ఏడు. ఈ నాలుగూ చూస్తే ఈ సిరీస్ ఇవ్వగలిగిన ఉత్తమమైనదంతా అందుతుంది, ఏడోదాని చివరి దృశ్యం నిండైన ముగింపు కూడా. ఎనిమిదోది తీరిక ఉంటే చూడవచ్చు. తొమ్మిది, పది చిత్రాలను అభిమానులకే వదిలేస్తాను.

పదకొండో చిత్రం గురించి 2025 వేసవిలో విన్ డీజిల్ ఒక వేదిక మీద మాట్లాడుతూ, స్టూడియో ముందు తాను మూడు షరతులు పెట్టానని చెప్పాడు: కథ లాస్ ఏంజిలెస్‌కు తిరిగి రావాలి, వీధి పందేలు, కార్ల సంస్కృతి తిరిగి రావాలి, డొమినిక్, బ్రయన్ మళ్లీ కలవాలి. మొదటి రెండూ వినగానే నాకు ఆశ కలిగింది, ఎందుకంటే అవి కథకు మేలు చేసేవే కాక, ఖర్చును కూడా దారికి తేగలిగినవి. మూడో షరతు నెరవేరాలంటే మరణించిన నటుడి ముఖాన్ని మళ్లీ కంప్యూటర్‌లో సృష్టించాలి. అది తెర మీద అతి ఖరీదైన పని, అంతకుమించి 2015లో ప్రేక్షకులు కన్నీళ్లతో ఒప్పుకున్న వీడ్కోలును వెనక్కి తీసుకోవడం. మొదటి రెండు షరతులకు కట్టుబడి, మూడోదాన్ని విరమించుకుంటే ఆ సినిమాకు మొదటి రోజే టికెట్ కొంటాను.